వెనుదిరుగుట పిరికితనమా?

ధైర్యవంతుని పొగడుటకు మన భాషలో మాటలకు కొదువ లేదు. మడమ తిప్పనివాడు, వెన్ను చూపనివాడు, ముందుకే గాని వెనుకకు అడుగు వేయనివాడు – ఇవన్నీ బిరుదులే. సగం దారిలో నిలిచి, ఒక క్షణం ఆలోచించి, ఇంటిదారి పట్టినవానిని పొగడే మాట ఒక్కటైనా ఉన్నదా అని వెదకితే నిఘంటువు మొగం చాటేస్తుంది. ఉర్దూ చదివే మిత్రులను అడిగితే అక్కడా అదే వరస. పీఠ్ దిఖానా అనునది నింద, సీనా తాన్‌నా అనునది ప్రశంస. చలనచిత్ర సీమకు కూతవేటు దూరాన మధురానగర్ సందులలో తిరిగే మావంటి వారికి ఈ పాఠాన్ని గోడల మీది పోస్టర్లు మరింత గట్టిగా నేర్పినవి. కథానాయకుడు "ఇక చాలు, పోదాము" అని వెనుకకు మరలుచున్న పోస్టరు నొకదానిని మేమింతవరకు చూచి యెరుగము.

ఐనను ఈ వ్యాసంలో మేము వెనుదిరిగినవాని పక్షాన నిలువదలచినాము. అంతేకాదు, ఎందుకు వెనుదిరిగినాడో కారణం చెప్పలేనివాని పక్షాన కూడా. "ఎందుకో మనసు ఒప్పడం లేదు" అనే మాటకు, మన హైదరాబాదు దక్కనీలో "దిల్ నక్కో బోల్రా" అనే మాటకు, ఎంత విలువ ఇవ్వవలెను? ఈ ప్రశ్నను ప్రాణం పణంగా పెట్టి పరిశీలించినవారు నీట మునిగిన గుహలలో ఈదే సాహసికులు. మన ప్రాంతంలో ఆ క్రీడ వ్యాప్తిలో లేదు. కాని వారు నేర్చుకొన్న పాఠం మన వీధివరకు వస్తుందని మా నమ్మకము. కావున ముందుగా వారి సంగతి కొంత చెప్పవలసి యున్నది.

బెలుం గుహలు చూచినవారికి ఇది ఊహించుట తేలిక. నంద్యాల జిల్లాలోని ఆ గుహలను 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్త ప్రస్తావించినాడు. 1982, 83 సంవత్సరాలలో హెర్బర్ట్ డేనియల్ గెబౌర్ నాయకత్వాన ఒక జర్మన్ బృందం లోపలి దారులను శోధించినది. ఆ గుహల పొడవు 3,229 మీటర్లు. వాటిలో అతి లోతైన చోటు పాతాళగంగ, ప్రవేశద్వారం కంటె 46 మీటర్లు దిగువన ఉన్నది. అక్కడ నీరు రాతి క్రిందికి దూరి కనుమరుగవుతుంది. మనము ఆ నీటిని చూచి, చేతులు తడుపుకొని తిరిగి వస్తాము. ఫ్లోరిడాలోను, మెక్సికోలోను, దక్షిణాఫ్రికాలోను కొందరు సరిగ్గా అటువంటి చోటనుండే తమ యాత్ర ప్రారంభిస్తారు. వీపున గాలి సిలిండర్లు, చేతిలో దీపము, వెనుక ఒక సన్నని దారము.

సముద్రంలో మునిగినవానికి ఆపద వస్తే తల పైకెత్తి లేవవచ్చు. గుహలో తలపైన నీటికి బదులు రాయి ఉంటుంది. వచ్చిన దారినే, వచ్చినంత దూరమూ తిరిగి ఈదవలెను. కాలి తాకిడికి అడుగున పేరుకొన్న ఒండ్రు లేచినదా, అరచేయి కంటికి కనబడదు. అప్పుడు దారము ఒక్కటే దిక్కు. 1979లో షెక్ ఎక్స్‌లీ అనే అమెరికా ఈతగాడు ఇట్టి మరణాలను ఒక్కొక్కటిగా పరిశీలించి, ఏ నియమం తప్పినందున ఎవరు పోయినారో విచారించి, ఒక చిన్న పుస్తకం వ్రాసినాడు. బయటి నీటినుండి తెగని దారము వెంట ఉండవలెను. ఉన్న గాలిలో మూడవ వంతు మాత్రమే లోనికి పోవుటకు వాడి, మిగిలిన రెండు వంతులు తిరిగి వచ్చుటకును, ఆపదకును ఉంచుకొనవలెను. మామూలు గాలితో మరీ లోతుకు పోరాదు. ఇటువంటివి. ఒక్కొక్క నియమం వెనుక ఒక్కొక్క శవము ఉన్నదని చెప్పినా అతిశయోక్తి కాదు.

ఈ లెక్కల నియమాలతోపాటు ఆ సమాజంలో మరొక కట్టుబాటు ఉన్నది. మా వ్యాసానికి మూలం అదే. బృందంలో ఎవరైనా, ఎప్పుడైనా, ఏ కారణం చేతనైనా యాత్రను ముగింపవచ్చును. కారణం చెప్పనక్కరలేదు. బొటనవేలు పైకెత్తి చూపితే చాలు. మన సినిమాలలో విజయానికి గుర్తైన ఆ వేలు, నీటి అడుగున "ఇక తిరిగి పోదాము" అనే మాటకు గుర్తు. చూచినవారు అదే సైగను తిరిగి చూపి వెనుదిరుగవలెనే గాని "ఎందుకు?" అని అడుగరాదు. ఒడ్డుకు చేరిన తర్వాత కూడ నిలదీయుట మర్యాద కాదు. వేల రూపాయల ఖర్చు, నెలల తరబడి సన్నాహము, దూరదేశ ప్రయాణము – ఇవన్నీ ఒక్కని గుండెలోని గుబులుకు తలవంచవలెను.

మొదట చదివినప్పుడు ఇది మాకు వింతగా తోచినది. లెక్కలలో ఇంత నిక్కచ్చిగా ఉన్నవారు గుబులుకు ఇంత పెద్దపీట వేయడమేమిటి? ఆలోచించగా, ఆ గుబులు కూడా ఒక లెక్కయే, అంకెలుగా విప్పి చెప్పరానంత వేగంగా సాగే లెక్క, అని తేలినది. గారీ క్లైన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1998లో ప్రకటించిన గ్రంథంలో ఒక అగ్నిమాపకాధికారి కథ ఉన్నది. ఒక ఇంటి వెనుక భాగాన వంటగదిలో మంటలు లేచినవి. అధికారి తన మనుషులతో ముందుగదిలో నిలిచి నీళ్లు కొట్టించినాడు. మంట లొంగలేదు. ఆయనకు ఎందుకో మనసు కీడు శంకించినది. అందరినీ బయటికి పొమ్మన్నాడు. వారు బయటపడిన కొద్దిసేపటికే వారు నిలిచిన నేల కుప్పకూలినది. అసలు మంట నేల క్రింది గదిలో ఉన్నది. తనకేదో అతీంద్రియ శక్తి ఉన్నదనే ఆ అధికారి నమ్మినాడట. క్లైన్ ఓపికగా ప్రశ్నించగా తేలినదేమనగా, వంటగది మంటకు ఆ గది ఉండవలసిన దానికంటె వేడిగా ఉన్నది, అంత వేడికి ఉండవలసిన చప్పుడు లేదు. ఈ పొసగనితనాన్ని ఒళ్లు గుర్తించినది, నాలుక చెప్పలేకపోయినది. ఉర్దూలో ఛఠీ హిస్ అని, తెలుగులో ఆరవ ఇంద్రియమని మనము గొప్పగా పిలుచునది, మా దృష్టిలో, మిగిలిన అయిదు ఇంద్రియాల పనియే.

నీటి అడుగున దీనికి మరొక కారణం కూడ తోడగును. శ్రమ ఎక్కువై ఊపిరి చాలనప్పుడు రక్తంలో బొగ్గుపులుసు వాయువు పెరుగుతుంది. దాని మొదటి లక్షణాలలో ఒకటి అకారణమైన ఆందోళన. అనగా "ఏమీ లేదు, ఉత్త భయము" అని కొట్టివేయబడునది ఒక్కొక్కప్పుడు శరీరం పంపిన తంతివార్త. ఇందుకు విరుద్ధమైన ప్రమాదం కూడ ఉన్నది. 30 మీటర్ల లోతు దాటిన పిమ్మట సిలిండరులోని నత్రజని మత్తు కలిగిస్తుంది; తాగినవానివలె అన్నీ సవ్యంగా ఉన్నట్లే తోస్తుంది. గుబులు పలకవలసిన చోటనే దాని గొంతు నొక్కబడునన్నమాట. కాబట్టి తెలిసినవారు ఒడ్డున నిలిచినప్పుడు కలిగిన శంకకే ఎక్కువ విలువ ఇస్తారు.

"ఐతే మనసు చెప్పినదల్లా వేదమేనా?" అని పాఠకులు అడుగవచ్చు. కాదు. మనసు "వద్దు" అన్నప్పుడు వినవలెను. "పద, ఏమీ కాదు" అన్నప్పుడు మాత్రం నమ్మరాదు. వద్దన్నదానికి వీటో అధికారం ఇవ్వవచ్చు గాని, పదమన్నదానికి సంతకం చేయు అధికారం ఇవ్వరాదు. మొదటిది తప్పైతే పోయేది ఒక దినము. రెండవది తప్పైతే పోయేదానిని మరి తెచ్చుకొనలేము. తక్కెడ ఇంత ఒక ప్రక్కకు మొగ్గి యుండగా, రెండింటినీ "అంతరాత్మ ప్రబోధం" అనే ఒకే పేరుతో పిలిచి సమానంగా గౌరవించుట మాకు సబబుగా తోచదు.

దక్షిణాఫ్రికాలో బుష్‌మన్స్ హోల్ అనే నీటి గుహ ఉన్నది. 2005 జనవరి 8న డేవిడ్ షా అనే ఆస్ట్రేలియా విమాన చోదకుడు సుమారు 270 మీటర్ల లోతుకు దిగినాడు. 1994లో అక్కడ మరణించిన ఒక యువకుని దేహాన్ని తల్లిదండ్రులకు చేర్చవలెనని ఆయన సంకల్పము. ఉద్దేశము ఉదాత్తమైనది. దారము చిక్కుపడినది, శ్రమ పెరిగినది, ఊపిరి ఆడలేదు. ఆయన తిరిగి రాలేదు. ఆయన మిత్రుడు డాన్ షిర్లీ వెంట దిగుచు, దిగువన మిత్రుని దీపం కదలక నిలిచి యుండుట చూచినాడు. అదే సమయంలో లోతు ఒత్తిడికి షిర్లీ పరికరం చెడినది. ఆయన వెనుదిరిగినాడు. పైకి చేరుటకు పన్నెండు గంటలకు పైబడి పట్టినది, లోచెవి దెబ్బతిన్నది, ప్రాణం దక్కినది. ఈ ఇద్దరిలో ఎవరు వీరులని అడిగితే మేము తీర్పు చెప్పలేము. కాని ఆ దీపాన్ని చూచి కూడా పైకి మరలుటకు కావలసిన గుండెదిటవుకు మన భాషలో పేరు లేకపోవుట మాత్రం కొరతయే.

ఇక్కడ ఒక చిన్న మాట. బయలుదేరునప్పుడు ఎవరైనా తుమ్మితే మన పెద్దలు ఒక నిమిషం కూర్చుండబెట్టి, మంచినీళ్లు ఇచ్చి, ఆ తర్వాత సాగనంపేవారు. శాస్త్రీయ దృష్టి గల విద్యార్థులుగా తుమ్ముకు, పిల్లికి భవిష్యత్తు తెలియునని మేము నమ్మము. కాని ఆ ఆచారం చేసిన మేలు ఒకటి ఉన్నది. పోవుటకు మనసు లేనివాడు పిరికివాడనిపించుకొనకుండ ఆగుటకు అదొక సాకు. "నాకు భయము" అనలేనివాడు "తుమ్ము వినబడినది" అనేవాడు. శకునాలను మనము విడిచినాము, మంచిదే. వాటితో పాటు మర్యాదగా ఆగే మార్గాన్ని కూడ విడిచినాము.

ఇక మన గోదావరికి వత్తాము. 2019 సెప్టెంబరు 15న, వరద ప్రవాహం సుమారు అయిదు లక్షల క్యూసెక్కులు ఉన్న దినాన, పాపికొండలు చూపుటకు 77 మందితో బయలుదేరిన రాయల్ వశిష్ఠ అనే బోటు దేవీపట్నం మండలం కచ్చులూరు వద్ద సుడిలో మునిగినది. గ్రామస్థులు పడవలు వేసుకొని వెళ్లి 26 మందిని కాపాడినారు. తక్కినవారు పోయినారు. ఆనాటి ఎర్రనీటిని చూచిన వారిలో ఎందరి గుండె జంకినదో ఎవరికి తెలుసు? జంకినను టిక్కెట్టు కొన్నారు, కుటుంబాలతో వచ్చినారు, తక్కిన అందరూ ఎక్కుచున్నారు. అటువంటప్పుడు ఒక్కడు "నేను రాను" అనుట ఎంత కష్టమో మనకందరికీ అనుభవమే.

అదే చోట ఆ తర్వాత జరిగినది అంతగా చెప్పుకొనబడలేదు. మునిగిన బోటు 200 అడుగులకు పైబడిన లోతున ఉన్నదని సోనార్ పరికరాలు సూచించినవి. కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం సెప్టెంబరు చివర వెలికితీత ప్రారంభించినది. లంగర్లు వేసినారు, ఇనుప తాళ్లు తెగినవి, గోదావరి మళ్లీ పెరిగినది. వారు పని ఆపి వెనుకకు వచ్చినారు. ఒడ్డున ఆప్తుల దేహాల కొరకు ఎదురుచూచు కుటుంబాలు ఉన్నవి, రాష్ట్రమంతా చూచుచున్నది, ఐనను ఆపినారు. అక్టోబరు మధ్యలో నీరు తగ్గిన పిమ్మట తిరిగి వచ్చినారు. విశాఖపట్నం నుండి వచ్చిన గజ ఈతగాళ్లు దిగి తాళ్లు కట్టినారు. అక్టోబరు 22న బోటు ఒడ్డుకు చేరినది. గుహలో ఈదువారి నియమాన్ని ఎవరూ వారికి బోధింపలేదు. నదిని ఎరిగినవారికి నది నేర్పినది. వారు ఆగిన ఆ దినాలను నిష్ఫలములుగా లెక్కించువారికి నదిపని తెలియదు.

గుబులును మరీ ఎత్తి పొగడుచున్నామేమో అనే శంక మాకూ కలిగినది. దాని పరిమితిని చెప్పకుంటే ఈ వాదం అసత్యమవుతుంది. 2014 జూన్ 8న హైదరాబాదు ఇంజనీరింగ్ విద్యార్థులు హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నది మధ్య రాళ్లమీద నిలిచి ఛాయాచిత్రాలు తీసుకొనుచుండగా, ఎగువన లార్జీ జలాశయం నుండి నీరు వదలబడినది. 24 మంది విద్యార్థులు కొట్టుకొనిపోయినారు. మాకంటె కొద్దిగా పెద్దవారు, మన నగరపు పిల్లలు. అక్కడ ఏ గుండెకూ ముందుగా తెలిసే అవకాశం లేదు. నీరు చీలమండలోతు, ఎండ హాయిగా ఉన్నది, మైళ్ల అవతల ఎవరో గేటు ఎత్తినారు. డేనియల్ కానెమన్, గారీ క్లైన్ కలిసి 2009లో ప్రకటించిన వ్యాసంలో దీనికి సమాధానం ఉన్నది: పరిసరాలు ఒక క్రమంలో నడచుచు, ఆ క్రమాన్ని మనిషి పదేపదే చూచి తప్పొప్పులు తెలుసుకొన్నప్పుడే అతని సహజస్ఫూర్తి నమ్మదగినది. నిప్పును వందసార్లు ఎదిరించినవాని గుబులు వేరు, నదిని మొదటిసారి చూచిన విహారయాత్రికుని నిశ్చింత వేరు. కొత్తవాని భయం ఊరకే పోవచ్చు. కొత్తవాని నిర్భయం మాత్రం దేనికీ సాక్ష్యం కాదు. అందుచేతనే హెచ్చరిక బోర్డు, సైరను, కావలి మనిషి ఉండవలెను. గుండె చెప్పునులే అని వాటిని మానుట నేరము.

ఇంతవరకు చెప్పినది మా వీధికి ఎట్లు వర్తించును? మధురానగర్ నుండి యూసుఫ్‌గూడ మీదుగా కృష్ణానగర్ వైపు తెల్లవారుజామున నడచినవారికి తెలియును. జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌బాయ్‌లు, ఫైటర్లు ప్రొడక్షన్ బండ్ల కొరకు నిలిచి ఉంటారు. అద్దాలు పగులగొట్టి దూకువారు, కథానాయకునికి డూప్‌గా మేడమీద నుండి పడువారు, నీటిలో మునుగువారు ఈ గుంపులోనివారే. వారిలో మా సహాధ్యాయుల అన్నలు, మేనమామలు ఉన్నారు. ఒక పెద్దాయన మాతో ఒక మాట అన్నారు: వెనుకటి ఫైట్ మాస్టర్లలో కొందరు ఉదయం మనుషుల ముఖాలు చూచి, మనసు బాగులేనివానిని ఏమీ అడుగకుండ ప్రక్కకు తప్పించి, "నీవు ఈ పూట తాడు పట్టు" అనేవారట. తాడు పట్టినవానికీ అదే కూలి. మేము విన్నవాటిలో ఇంతకంటె నాగరికమైన నియమం లేదు.

అట్లు జరుగని చోట్ల ఏమైనదో అందరికీ తెలిసినదే. 1980 నవంబరు 16న మద్రాసు సమీపాన షోలవరంలో మలయాళ నటుడు జయన్ హెలికాప్టరును పట్టుకొని వేలాడు దృశ్యంలో మరణించినాడు; సరిపోయినదన్న షాట్‌ను మళ్లీ తీయుమని ఆయనే పట్టుబట్టినాడని అక్కడివారు చెప్పినారు. "పద, ఏమీ కాదు" అనే మనసు మాట ఇది. 2016 నవంబరు 7న బెంగుళూరు దగ్గర తిప్పగొండనహళ్లి జలాశయంలో, మాస్తి గుడి అనే కన్నడ చిత్రం కొరకు హెలికాప్టరు నుండి దూకిన ఇద్దరు నటులు మునిగిపోయినారు. దూకుటకు ముందే వారిలో ఒకరు తనకు ఎత్తు అంటే భయమని, ఈత అంతగా రాదని విలేఖరుల ముందు చెప్పి ఉన్నారు. గుబులు కలిగినది, నోట పలికినది, కెమెరాలో నమోదైనది కూడ. దానిని విని ఆపే కట్టుబాటు మాత్రం అక్కడ లేదు. 2025 జూలైలో తమిళనాడులో నాగపట్టణం ప్రాంతాన కారు పల్టీ కొట్టించు విన్యాసంలో అనుభవజ్ఞుడైన ఒక స్టంట్ కళాకారుడు పోయినాడు.

గుహలో ఈదువాడు సరదాకు దిగినవాడు. బొటనవేలు చూపితే అతనికి పోయేది ఒక సెలవు దినము. కృష్ణానగర్ ఫైటరుకు పోయేది ఆ రోజు కూలి, దానితో పాటు రేపటి పిలుపు. "ఫలానావాడు జంకుతాడు" అన్న పేరు వచ్చినదా, బండి అతని కొరకు ఆగదు. కాబట్టి అతనికి "మనసు మాట వినుము నాయనా" అని హితబోధ చేయుట సులభమే గాని న్యాయం కాదు. వెనుదిరిగే హక్కు కూలితో కూడినదై ఉండవలెను. "నేను చేయను" అన్న ఫైటరుకు ఆ పూట వేతనం పూర్తిగా ఇవ్వవలెననియు, కారణం అడుగరాదనియు, మరుసటి పిలుపులో అతని పేరు తొలగింపరాదనియు యూనియనులు, నిర్మాతలు ఒడంబడిక చేసుకొనవలెను. ఒక సెట్టు వేసి కూల్చుటకు అయ్యే ఖర్చు ముందు ఇది లెక్కలోనికి రాదు. దుర్వినియోగం చేయువారు ఉండరా అంటే, ఒకరిద్దరు ఉంటారు. పని ఎగవేయదలచినవాడు కడుపునొప్పి అని ఇప్పటికీ చెప్పుచునే ఉన్నాడు.

మా కళాశాల విషయంలో మా కోరిక ఇంకను చిన్నది. ఈ సంవత్సరపు విహారయాత్రకు స్థలం నిర్ణయించునప్పుడు జలపాతమో, జలాశయమో తప్పక వస్తుంది. నీటి దగ్గర ఉన్నంతసేపు, బృందంలో ఏ ఒక్కరు "నక్కో" అన్నను అందరూ గట్టుకు రావలెననియు, హైదరాబాదు చేరువరకు ఆ మాట అన్నవారిని ఎవరూ ఆటపట్టింపరాదనియు ఒక నియమం చేయవలసినదిగా విద్యార్థి సంఘాన్ని కోరినాము. మొదటి సంవత్సరం విద్యార్థికి కూడ, బస్సులో చివరి వరుసలో కూర్చుండి ఎవరితోను మాట్లాడనివానికి కూడ, ఈ హక్కు సమానంగా ఉండవలెను. "అట్లైతే ఎవడో ఒకడు వేళాకోళానికి అంటాడు, ఫొటోలైనా దిగకుండ రావలసి వస్తుంది" అని మా మిత్రుడొకడు అభ్యంతరం చెప్పినాడు. రావచ్చు. టిఫిను డబ్బాలు గట్టుమీద విప్పుకొందాము.